అమెరికాలో స్పానిష్ టీవీ, రేడియో: తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యూస్టన్‌లోనో, లాస్ ఏంజెలెస్‌లోనో కారు రేడియో తిప్పితే కాసేపటికే స్పానిష్ వినబడుతుంది. ఇంటికి రంగులు వేసేవాళ్ళ దగ్గర, రెస్టారెంటు వంటింట్లో, పొలాల్లో అదే మోగుతుంటుంది. అయినా పక్కనే ఉంటున్న మన తెలుగువాళ్ళలో చాలామందికి దాని వెనక ఉన్న కథ తెలియదు. నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లీషు దేశంలో స్పానిష్‌కి ఇంత పెద్ద ప్రసార వ్యవస్థ ఎందుకుంది?

వినేవాళ్ళు ఉన్నారు కాబట్టి. 2020 జనగణన ప్రకారం అమెరికాలో లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు 6.21 కోట్ల మంది. ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళే 4 కోట్లకు పైగా ఉంటారు. వీళ్ళంతా నిన్న మొన్న వలస వచ్చినవాళ్ళు అనుకోకండి. టెక్సాస్, కాలిఫోర్నియా ఒకప్పుడు మెక్సికోవే. ప్యూర్టోరికో 1898లో స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతిలోకి వచ్చింది. అక్కడి కుటుంబాలు కదల్లేదు, జెండా మారింది.

జనం ఉన్నంతమాత్రాన చానళ్ళు వాటంతట అవి పుట్టవు. ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు గట్టిగా తోచేది ఇదీ: ఇంగ్లీషు స్టేషన్లకి అక్కర్లేని వేళలు, ఎవరికీ పట్టని చానళ్ళు వీళ్ళకి దక్కాయి. ఆ మిగులుతోనే వీళ్ళు ముందువరసకి వచ్చారు. కింది జవాబుల్లో చాలావాటికి మూలం అదే.

మొదలు ఎక్కడ?

1920ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో, తెల్లవారుజామున. అప్పట్లో స్టేషన్లన్నీ ఇంగ్లీషువే. తెల్లవారకముందు వినే నాథుడు ఉండడని ఆ గంటల్ని తక్కువ ధరకి అమ్మేసేవాళ్ళు. కానీ ఆ వేళకి మెక్సికన్ కూలీలు లేచి, పనికి బయల్దేరే హడావిడిలో ఉండేవాళ్ళు. పెద్రో గొంజాలెస్ అనే గాయకుడు ఆ సమయాన్ని అందిపుచ్చుకున్నాడు. మెక్సికన్ విప్లవకాలంలో పాంచో వియ్యా సైన్యంలో టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా చేసినవాడు, ఆ తర్వాత ఓడరేవులో మూటలు మోసినవాడు. బర్బాంక్‌లోని కేఈఎల్‌డబ్ల్యూ స్టేషన్‌లో నాలుగింటి నుంచి ఆరింటి దాకా తన బృందంతో పాడేవాడు. బృందం పేరు లోస్ మద్రుగదోరెస్, అంటే వేకువనే లేచేవాళ్ళు. పాటల మధ్యలో ఎక్కడ పని దొరుకుతుందో చెప్పేవాడు.

ఆర్థిక మాంద్యం వచ్చింది. మెక్సికన్లను మూకుమ్మడిగా సరిహద్దు దాటించడం మొదలైంది. ఆయన మైకులో దాన్ని తిట్టిపోశాడు. 1934లో ఒక అత్యాచారం కేసులో ఆయన్ని శాన్ క్వెంటిన్ జైలుకి పంపారు. ఫిర్యాదు చేసిన అమ్మాయే తర్వాత అది నిజం కాదని చెప్పింది. అయినా 1940 దాకా జైల్లోనే ఉంచి, మెక్సికోకి పంపించేశారు. ఆయన టిహువానాలో దిగి, సరిహద్దుకి అవతలి నుంచి మళ్ళీ రేడియోలో పాడాడు. తరంగానికి పాస్‌పోర్టు అక్కర్లేదు కదా! ఇప్పటికీ టిహువానా స్టేషన్లు శాన్ డియేగోలో శుభ్రంగా వినబడతాయి. స్టేషన్‌ని గుర్తించే పిలుపు అక్షరాలు ఎక్స్‌ఈ అనో ఎక్స్‌హెచ్ అనో మొదలైతే అది మెక్సికో లైసెన్సు. కే, డబ్ల్యూ అయితే అమెరికాది.

గంటల లెక్కన సమయం కొనుక్కుని ప్రసారం చేసే ఆ పద్ధతి అమెరికా రేడియోలో ఇంకా ఉంది. డాలస్‌లో, బే ఏరియాలో తెలుగు కార్యక్రమాలు విన్నవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు.

పూర్తిగా స్పానిష్‌లోనే నడిచిన మొదటి స్టేషన్ ఏది?

అమెరికా ప్రధాన భూభాగంలో ఆ గౌరవం టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోకి దక్కుతుంది. రావుల్ కోర్తేస్ అనే ఆయన అక్కడ 1946లో కేసీఓఆర్ మొదలుపెట్టారు. లాటినో యజమాని చేతిలో, రోజంతా స్పానిష్‌లో నడిచిన తొలి స్టేషన్ అదే. అంతకుముందు ఆయన కూడా వేరే స్టేషన్లలో సమయం కొనుక్కుని కార్యక్రమాలు చేసినవారే. ప్యూర్టోరికో సంగతి వేరు. అక్కడ అందరి భాషా స్పానిషే. శాన్ హువాన్‌లో డబ్ల్యూకేఏక్యూ రేడియో 1922లోనే వచ్చేసింది.

మరి టీవీ?

అదే కోర్తేస్ 1955లో శాన్ ఆంటోనియోలో 41వ చానల్ పెట్టారు. అది యూహెచ్ఎఫ్ చానల్. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

అప్పట్లో 2 నుంచి 13 దాకా ఉన్న వీహెచ్ఎఫ్ చానళ్ళు పెద్ద ఇంగ్లీషు నెట్‌వర్క్‌ల గుప్పిట్లో ఉండేవి. 14 నుంచి పైవన్నీ యూహెచ్ఎఫ్. వాటిని పట్టే ట్యూనరు చాలా టీవీ సెట్లలో ఉండేదే కాదు. వేరే పెట్టె కొని తగిలించాలి. ట్యూనరు ఉన్న సెట్లలోనూ దాని గుండీ వీహెచ్ఎఫ్ గుండీలాగా టక్కుమని అంకె దగ్గర ఆగేది కాదు. బొమ్మ కుదిరేదాకా వేళ్ళతో మెల్లగా తిప్పుకోవాల్సిందే. ఇంత శ్రమ పడి చూసేవాళ్ళు ఎవరుంటారని వ్యాపారులు ఆ చానళ్ళ జోలికి పోలేదు. శాన్ ఆంటోనియోలో మెక్సికన్ కుటుంబాలు ఆ శ్రమ పడ్డాయి. తమ భాషలో వస్తున్నది ఆ ఒక్క చానలే మరి.

చూసేవాళ్ళున్నా డబ్బు రాలేదు. ప్రేక్షకుల సంఖ్యని కొలిచే సంస్థలు స్పానిష్ ఇళ్ళని సరిగ్గా లెక్కించేవి కావు. లెక్కలో లేనివాళ్ళ కోసం ప్రకటన ఇచ్చేదెవరు? కోర్తేస్ నష్టాలు భరించలేక 1961లో ఆ చానల్ అమ్మేశారు. కొన్న బృందంలో ఆయన అల్లుడు ఎమీలియో నికోలాస్, మెక్సికో ప్రసార దిగ్గజం ఎమీలియో అస్కార్రాగా వీదావుర్రేతా, రెనె అన్సెల్మో ఉన్నారు. 1962లో లాస్ ఏంజెలెస్‌లో కేఎంఈఎక్స్, 34వ చానల్, వచ్చింది. అదీ యూహెచ్ఎఫే. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది: ఇకపై తయారయ్యే టీవీలన్నీ యూహెచ్ఎఫ్ కూడా పట్టాలి. 1964 నుంచి అమలైన ఆ చట్టం స్పానిష్ టీవీకి ప్రాణం పోసింది.

యూనివిజన్, టెలిముండో ఒకటేనా?

కాదు. రెండూ అమెరికాలోని పెద్ద స్పానిష్ టీవీ నెట్‌వర్క్‌లు, బద్ధ ప్రత్యర్థులు.

పైన చెప్పిన శాన్ ఆంటోనియో, లాస్ ఏంజెలెస్ చానళ్ళతో స్పానిష్ ఇంటర్నేషనల్ నెట్‌వర్క్ ఏర్పడింది. 1976లో ఉపగ్రహం ద్వారా దేశమంతటా కార్యక్రమాలు పంపడంలో అది పెద్ద ఇంగ్లీషు నెట్‌వర్క్‌ల కన్నా ముందుంది. 1987లో దాని పేరు యూనివిజన్ అయింది. టెలిముండో పేరు ప్యూర్టోరికో నుంచి వచ్చింది. ఆంహెల్ రామోస్ 1954లో శాన్ హువాన్‌లో పెట్టిన డబ్ల్యూకేఏక్యూ టీవీకి ఆ పేరుండేది. అమెరికా అంతటికీ నెట్‌వర్క్‌గా అది 1987లో రూపుకట్టింది. 2002లో ఎన్‌బీసీ దాన్ని కొనుక్కుంది.

యూనివిజన్‌కి దశాబ్దాల పాటు మెక్సికోలోని తెలెవీసా సీరియళ్ళే బలం. టెలిముండోకి ఆ సరుకు దొరకదు. దాంతో సొంతంగా తీసుకోక తప్పలేదు. మియామీలో సెట్లు వేసి, అమెరికాలో బతికే లాటినోల కథలు, సరిహద్దు కథలు, మాదకద్రవ్యాల ముఠాల కథలు తీసింది. వేగం ఎక్కువ, కన్నీళ్ళు తక్కువ. 2011లో వచ్చిన 'లా రేనా దెల్ సూర్' ఆ దారికి పెద్ద విజయం. చేతిలో సరుకు లేకపోవడమే టెలిముండోకి కలిసొచ్చింది.

విదేశీయులు అమెరికాలో టీవీ చానల్ పెట్టొచ్చా?

నేరుగా అయితే 20 శాతం, మాతృసంస్థ ద్వారా అయితే 25 శాతం దాటకూడదని ప్రసార చట్టంలో ఉంది. ఎఫ్‌సీసీ, అంటే అక్కడి ప్రసార నియంత్రణ సంఘం, ఒప్పుకుంటే ఆ 25 శాతాన్ని మించవచ్చు. అస్కార్రాగా వర్గం ఈ గీత దాటి స్పానిష్ ఇంటర్నేషనల్ నెట్‌వర్క్ చానళ్ళని నడిపిస్తోందని కేసు నడిచి, 1986లో లైసెన్సులు ప్రమాదంలో పడ్డాయి. చివరికి శుభాకాంక్షల కార్డులు అమ్మే హాల్‌మార్క్ కంపెనీ వాటిని కొన్నది! 1992లో అమెరికా వ్యాపారి జెరల్డ్ పెరెన్చియో కొన్నారు, తెలెవీసా, వెనెజులాకి చెందిన వెనెవీసియోన్ చిన్న వాటాలతో తోడయ్యాయి. 2022లో తెలెవీసా కార్యక్రమాల విభాగం, యూనివిజన్ కలిసిపోయి తెలెవీసాయూనివిజన్ అయ్యాయి. కట్టడి చేసిన బంధమే ముప్ఫై ఆరేళ్ళ తర్వాత బాహాటంగా కుదిరింది.

టెలినోవెలాకీ మన సీరియల్‌కీ తేడా ఏమిటి?

ముగింపు. టెలినోవెలా, అంటే లాటిన్ అమెరికా టీవీ సీరియల్, వారానికి అయిదు రోజులు రాత్రిపూట వస్తుంది, నూటికి అటూఇటూగా భాగాలు నడిచి, నెలల్లో అయిపోతుంది. మన సీరియల్ వెయ్యి దాటినా ఆశ్చర్యం లేదు. కథ ముగిసేచోటు రచయితకి ముందే తెలుసు కాబట్టి టెలినోవెలాలో బిగువు ఉంటుంది. ఆఖరి భాగం వచ్చే రాత్రి ఊరంతా టీవీ ముందే.

అత్తాకోడళ్ళు, తప్పిపోయిన బిడ్డ, పేదింటి పిల్ల, గొప్పింటి కుర్రాడు... ఈ సరంజామా చూస్తే మనింట్లోనే ఉన్నట్టుంటుంది. నిజంగానే చుట్టరికం ఉంది కూడా. కొలంబియాలో 1999లో మొదలైన 'యో సోయ్ బెత్తీ, లా ఫేయా'ని ఫెర్నాందో గైతాన్ రాశారు. కళ్ళద్దాలు, పళ్ళకి క్లిప్పులు ఉన్న ఒక తెలివైన ఆఫీసు అమ్మాయి కథ అది. 2003లో సోనీలో వచ్చి హైదరాబాదులోనూ జనం చూసిన 'జస్సీ జైసీ కోయీ నహీ' దాని హిందీ రూపమే. అమెరికా వాళ్ళు ఇంగ్లీషులో తీసింది 2006లో, అంటే మన తర్వాతే.

నాకు నచ్చనిది ఒకటుంది, చెప్పి తీరాలి. టెలినోవెలా తెర మీద నాయికా నాయకులు దాదాపు ఎప్పుడూ తెల్లటివాళ్ళే. ఆదివాసీ పోలికలున్నవాళ్ళు పనిమనిషి, తోటమాలి వేషాల్లో కనబడతారు. చూసే జనంలో ఎక్కువమంది రంగు మాత్రం ఆ పనిమనిషిదే. లాటిన్ అమెరికాలో ఈ విమర్శ చాలా ఏళ్ళుగా ఉంది, మార్పు మాత్రం నత్తనడకే. మన తెలుగు తెర చూసేవాళ్ళకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

వార్తల సంగతేమిటి? ఇంగ్లీషు వార్తలకి అనువాదమేనా?

కాదు. వలస చట్టం, కూలి రేట్లు, మెక్సికోలో ఎన్నికలు, సాల్వడార్‌లో భూకంపం లాంటివి ఇంగ్లీషు చానళ్ళలో రెండు వాక్యాల్లో తేలిపోతాయి. ఇక్కడ మొదటి వార్త అవే.

ఈ వార్తల కోసం ప్రాణం పోగొట్టుకున్న మనిషి ఉన్నాడు. రూబెన్ సలసార్ లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో పేరున్న విలేకరి. 1970లో కేఎంఈఎక్స్ వార్తా విభాగానికి అధిపతిగా వెళ్ళారు. ఎవరి గురించి రాస్తున్నారో వాళ్ళతో నేరుగా వాళ్ళ భాషలో మాట్లాడే చోటు అది. ఆ ఏడాది ఆగస్టు 29న తూర్పు లాస్ ఏంజెలెస్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా మెక్సికన్ అమెరికన్ల ప్రదర్శన జరిగింది. దాన్ని కవర్ చేసి ఒక బారులో కూర్చుని ఉండగా, షెరీఫ్ డిప్యూటీ ఒకరు లోపలికి కాల్చిన టియర్‌గ్యాస్ గుండు తలకి తగిలి అక్కడికక్కడే చనిపోయారు. ఎవరి మీదా నేరం మోపలేదు.

ఆ తర్వాతి తరంలో హోర్హే రామోస్, మరియా ఎలెనా సలీనాస్ యూనివిజన్ రాత్రి వార్తలకి ముఖాలు. రామోస్ 1986 నుంచి 2024 డిసెంబరు దాకా చదివారు. అంతకాలం ఒకే ముఖం ఒకే వేళకి ఇంటికొస్తే ఆ నమ్మకం వేరు.

రేడియోలో ఏమేం వస్తాయి?

అన్నిటికీ కలిపి స్పానిష్ రేడియో అంటాం గానీ న్యూయార్క్‌ది ఒక లోకం, లాస్ ఏంజెలెస్‌ది ఇంకో లోకం. న్యూయార్క్‌లో ప్యూర్టోరికో, డొమినికన్ జనం ఎక్కువ కాబట్టి సల్సా, మెరెంగే, బచాతా మోగుతాయి. మియామీలో క్యూబా రాజకీయాల మీద గంటలకొద్దీ మాటల కార్యక్రమాలు. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో అకార్డియన్లు, బాకాలు మోగే మెక్సికన్ జానపద బాణీలు. ఈ మూడో రకానిదే పెద్ద వాటా.

1992లో లాస్ ఏంజెలెస్‌లో ఒక సంఘటన జరిగింది. కేఎల్ఏఎక్స్ అనే ఎఫ్ఎం స్టేషను పల్లెటూరి మెక్సికన్ పాటలు, బందా, రంచేరా వేసి, ఇంగ్లీషు స్టేషన్లన్నిటినీ దాటి నగరంలో మొదటి స్థానానికి వచ్చింది. లెక్కలో తప్పు దొర్లిందేమో అనుకున్నవాళ్ళు ఉన్నారు. తప్పేమీ లేదు. తోటల్లో, వంటిళ్ళల్లో, కుట్టు ఫ్యాక్టరీల్లో పొద్దస్తమానం రేడియో పెట్టుకుని పనిచేసేవాళ్ళు అన్నాళ్ళూ ఎవరికీ కనబడలేదు, అంతే.

ఆ రేడియోకి ఎంత బలం ఉందో 2006లో తెలిసింది. కాగితాలు లేకుండా ఉండటాన్నే పెద్ద నేరంగా మార్చే బిల్లుని ప్రతినిధుల సభ అంతకుముందు డిసెంబరులో ఆమోదించింది. లాస్ ఏంజెలెస్‌లో పొద్దుటిపూట కార్యక్రమాలు చేసే పియోలిన్, ఎల్ కుకుయ్, ఎల్ మాన్‌ద్రిల్ శ్రోతల కోసం రోజూ కొట్టుకునే పోటీదారులు. ఆ ముగ్గురూ పోటీ పక్కనపెట్టి ఒకే మాట చెప్పారు: మార్చి 25న రండి, తెల్ల చొక్కాలు వేసుకోండి, అమెరికా జెండాలు పట్టుకోండి. పోలీసుల అంచనా ప్రకారమే అయిదు లక్షల మంది వచ్చారు. వీధుల నిండా తెలుపు. ఇంగ్లీషు పత్రికలు ఇంతమందిని ఎవరు కూడగట్టారని ఆరాతీశాయి. జవాబు వాళ్ళ కార్లలోనే, ఒక్క మీట దూరంలో ఉంది. ఆ బిల్లు చట్టం కాలేదు.

అన్నీ వ్యాపార స్టేషన్లేనా?

కావు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి మిగతావే. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో హ్యూగో మొరాలెస్ 1980 జులై 4న రేడియో బిలింగ్వేని ప్రారంభించారు. ఆయన మెక్సికోలోని వహాకా రాష్ట్రానికి చెందిన మిస్తెకో ఆదివాసి. చిన్నప్పుడు పొలాల్లో పండ్లు కోసి, తర్వాత హార్వర్డ్‌లో చదువుకుని, తిరిగి ఆ పొలాల దగ్గరికే వచ్చారు. కాలిఫోర్నియా తోటల్లో పనిచేసేవాళ్ళలో కొందరికి స్పానిష్ రెండో భాష, ఇంట్లో మిస్తెకో మాట్లాడతారు. వాళ్ళ కోసం ఈ స్టేషన్ 'లా ఓరా మిస్తెకా' కార్యక్రమం పెట్టింది. పెద్ద భాష నీడలో చిన్న భాషకి ఒక గంట ఇవ్వడం అందరికీ చేతనయ్యే పని కాదు.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఆపిల్ తోటల మధ్య గ్రేంజర్ అనే చిన్న ఊళ్ళో 1979లో రేడియో కేడీఎన్ఏ మొదలైంది. దాని మేనేజరుగా ఉన్న రోసా రమోన్ వలస కూలీ కుటుంబం నుంచి వచ్చిన మహిళ. పురుగుమందులు కొట్టిన పొలంలోకి ఎప్పుడు దిగకూడదు, పిల్లలకి టీకాలెక్కడ వేస్తారు, కూలి ఎగ్గొడితే ఎవరిని అడగాలి అన్నవి ఇలాంటి స్టేషన్లలో పాటల మధ్య వినబడతాయి.

తుపానో, వరదో వచ్చినప్పుడు ఈ స్టేషన్లు ఏం చేస్తాయి?

2017 సెప్టెంబరులో మరియా తుపాను ప్యూర్టోరికోని చీల్చేసింది. కరెంటు పోయింది. సెల్ టవర్లు నూటికి తొంభై అయిదు పడుకున్నాయి. ఫోన్లు లేవు, ఇంటర్నెట్ లేదు. ఆ చీకట్లో ద్వీపమంతటికీ వినిపిస్తూ నిలబడింది 680 ఏఎం, వాపా రేడియో. జనం బ్యాటరీ రేడియోలు బయటికి తీశారు. కొందరు స్టేషన్ దాకా నడిచివచ్చి, మేం బతికే ఉన్నామని ఫలానా ఊళ్ళో మా అమ్మకి చెప్పండని చీటీలిచ్చారు. అనౌన్సర్లు వాటిని ఒకదాని తర్వాత ఒకటి చదివారు. ఏఎం పాతబడిపోయిందని, తీసేద్దామని అనేవాళ్ళకి నేను చెప్పే ఉదాహరణ ఇది.

ఫుట్‌బాల్ వ్యాఖ్యానంలో 'గోల్' అని అంతసేపు అరుస్తారెందుకు?

అది దక్షిణ అమెరికా రేడియో వ్యాఖ్యాతల పాత అలవాటు. బొమ్మ కనబడని శ్రోతకి ఆ క్షణం ఎంత పెద్దదో గొంతుతోనే చెప్పాలి. బ్యూనస్ ఐరిస్‌లో పుట్టిన ఆంద్రేస్ కాంతోర్ దాన్ని 1990, 1994 ప్రపంచకప్పులప్పుడు అమెరికాలో ఇంటింటికీ చేర్చారు. స్పానిష్ రాని అమెరికన్లు కూడా ఆ అరుపు కోసం చానల్ మార్చేవాళ్ళు.

పిల్లలు ఇంగ్లీషులోకి వెళ్ళిపోతున్నారు కదా, ఇవి ఎన్నాళ్ళు ఉంటాయి?

దెబ్బ తగులుతున్న మాట నిజం. 2010లలో లాటినో జనాభా పెరిగింది ఎక్కువగా అమెరికాలో పుట్టిన పిల్లల వల్లే. వాళ్ళు బడిలో ఇంగ్లీషు, అమ్మమ్మ దగ్గర స్పానిష్. 2022లో యూనివిజన్ 18 రేడియో స్టేషన్లని 6 కోట్ల డాలర్లకి లాటినో మీడియా నెట్‌వర్క్‌కి అమ్మేసి, అదే ఏడాది విక్స్ అనే స్ట్రీమింగ్ సేవ తెచ్చింది. డబ్బు ఎటు పోతోందో దీన్నిబట్టే తెలుస్తుంది. 1962లో చిలీలో మొదలై, 1986 నుంచి మియామీలో తయారైన 'సాబదో హిగాంతె'ని 2015లో ఆపేశారు. డాన్ ఫ్రాన్సిస్కో ఒక్కరే 53 ఏళ్ళు నడిపిన శనివారం కార్యక్రమం అది. మూడు తరాలు ఒకే సోఫాలో కూర్చుని చూసే కార్యక్రమం మళ్ళీ రాలేదు.

పిల్లల్ని నిలబెట్టేది సీరియళ్ళు కాదని నా అభిప్రాయం. పాట, ఆట, ఆపదలో సమాచారం, ఈ మూడూ నిలబెడతాయి. వాటి మీద ఖర్చు తగ్గించే యాజమాన్యం తన వేళ్ళు తానే నరుక్కుంటుంది.

స్పానిష్ నేర్చుకోవడానికి పనికొస్తాయా?

బాగా. మన చెవికి స్పానిష్ తేలిక, అచ్చులు స్పష్టంగా పలుకుతాయి. జాతీయ వార్తలతో మొదలుపెట్టండి. అన్ని దేశాలవాళ్ళకీ అర్థం కావాలని అక్కడ ఏ ప్రాంతపు యాసా లేకుండా, నిలకడగా చదువుతారు. తర్వాత స్థానిక వాతావరణం, ట్రాఫిక్: మాటలు తక్కువ, రోజూ అవే వస్తాయి. ఆపైన టెలినోవెలా. రేడియోలో పొద్దుటి హాస్య కార్యక్రమాలు ఆఖరికి పెట్టుకోండి, యాస, వేగం రెండూ ఎక్కువ. టీవీలో సీసీ మీట నొక్కితే కింద స్పానిష్ అక్షరాలు వస్తాయి. 2010 నుంచి కొత్త స్పానిష్ కార్యక్రమాలకి అవి ఉండాలన్నది నిబంధన. చెవికి అందని మాట కంటికి అందుతుంది.

చూడాలంటే కేబుల్ కావాలా?

అక్కర్లేదు. పెద్ద నగరాల్లో యూనివిజన్, టెలిముండో గాల్లో ఉచితంగా వస్తాయి. కిటికీ దగ్గర పెట్టుకునే మామూలు యాంటెనా కొని, టీవీ వెనక తగిలించి, మెనూలో చానల్ స్కాన్ పెట్టండి. ఒకవేళ రాకపోతే యాంటెనాని టవర్లున్న వైపు తిప్పి మళ్ళీ స్కాన్ చేయండి. అదే స్కాన్‌లో మీ ఊళ్ళో ఉన్న చిన్న స్పానిష్ చానళ్ళు కూడా దొరుకుతాయి.